మట్టి గదిలో జరిగిందీ చదువే

(చిత్తూరు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో క్రాఫ్ట్ టీచరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన మేడమ్‌కు పూర్వ విద్యార్థులు సన్మానం చేశారు. ఆ సభలో ఆమె చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం.

హెడ్మాస్టరు గారికి, నాతో పనిచేసిన టీచర్లకు, పలమనేరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన అన్నకు, వదినకు, ముందు వరసలో కూర్చున్న మా అత్తమ్మకు నమస్కారం. పిల్లలూ! పిల్లలూ అనే అంటాను. మీలో కొందరు మీ బిడ్డల్ని ఎత్తుకుని వచ్చారు, కొందరికి తల నెరవడం మొదలైంది. అయినా నాకు మీరు పిల్లలే. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండి, ఈ పక్క కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

ఇందాకటి నుంచి అందరూ నా గురించే మాట్లాడారు. సంతోషంగా విన్నాను. ఇప్పుడు మైకు నా చేతికొచ్చింది కాబట్టి నేను మీ గురించి మాట్లాడతాను. మా ఇంటివాళ్ల గురించి మాట్లాడతాను. మా పెరడు గురించి కూడా మాట్లాడతాను. పెరడు సంగతి ఇక్కడెందుకు అనుకుంటున్నారా? వస్తాను, దాని దగ్గరికీ వస్తాను. ముందు ఒక మాట. మన బడిలో సైకిల్ స్టాండు పక్కన, మనం మట్టితో కుండలు, గిన్నెలు చేసిన ఆ రేకుల గదిలో జరిగింది కాలక్షేపం కాదు, చదువు. మట్టి గదిలో జరిగిందీ చదువే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఈ మాట అంటూనే ఉన్నాను. ఈ రోజు మీ అందరి ముందు మళ్లీ అంటున్నాను.

ఎట్లా చదువు? గుర్తు తెచ్చుకోండి. ఆరో తరగతిలో మొదటిసారి ఆ గదిలోకి వచ్చినప్పుడు మీరు అడిగిన మొదటి ప్రశ్న ఏమిటి? "మేడమ్, దీనికి మార్కులుంటాయా?" ప్రతి ఏడూ అదే. రెండో ప్రశ్న, "మేడమ్, చేతులు కడుక్కోవచ్చా?" అప్పటికి మట్టిని ముట్టుకుని రెండు నిమిషాలు కూడా అయ్యుండదు. ఆ రెండో ప్రశ్న దసరా సెలవుల లోపలే మాయమయ్యేది. గంట కొట్టినా లేచేవాళ్లు కాదు. పక్క క్లాసు టీచరు వచ్చి పిలిస్తే, "ఒక్క నిమిషం మేడమ్, అంచు ఒక్కటి సరిచేసుకుంటాం" అనేవాళ్లు. పన్నెండేళ్ల పిల్లలు ఎవరూ చెప్పకుండా ఒక గిన్నె అంచు కోసం అట్లా కూర్చున్నారంటే, అక్కడ చదువు జరుగుతున్నట్టా, కాదా?

మట్టి ఎక్కడి నుంచి వచ్చేదో మీకు తెలుసు. వేసవిలో చెరువు ఎండినప్పుడు అడుగు మట్టి తెచ్చుకునేవాళ్లం. ఎండబెట్టి, చిదగ్గొట్టి, తొట్టిలో నానబెట్టి, గుడ్డలో వడగడితే రాళ్లు, వేర్లు అన్నీ పైన నిలిచిపోయేవి. తర్వాత కాళ్లతో తొక్కడం. తొక్కడానికి మాత్రం ఎవరినీ బతిమాలే పని లేదు, వరస కట్టి నిలబడేవాళ్లు. అందులో కొంచెం సన్న ఇసుక కలపాలి. పాత పెంకుల్ని దంచి పొడి కలిపినా మంచిదే. ఎందుకు కలపాలి? చెప్పండి, మరిచిపోయారా? ఆ... వెనక నుంచి ఎవరో సరిగ్గా చెప్పారు. ఉత్త జిగురుమట్టి ఆరేటప్పుడు బాగా కుంచించుకుపోతుంది, పగులుతుంది. ఇసుక, పెంకుల పొడి కలిస్తే తడి బయటికి పోవడానికి దారులు ఏర్పడతాయి, పగులు తగ్గుతుంది. ఇన్నేళ్లయినా జవాబు వచ్చింది, చూశారా.

ఇంకో సంగతి. కాల్చేటప్పుడు కుండ ఎందుకు పేలుతుంది? లోపల గాలి బుడగ ఉండిపోయింది కాబట్టి అని అందరూ అంటారు. నేనూ అట్లాగే విని పెరిగాను. కానీ అసలు దోషి తడి. పైకి ఆరినట్టు కనిపించినా మందంగా ఉన్నచోట లోపల నీరు మిగిలి ఉంటుంది. బట్టీ 100 డిగ్రీలు దాటేసరికి ఆ నీరు ఆవిరవుతుంది. ఆవిరైతే 1,600 రెట్లకు పైగా చోటు కావాలి దానికి. ఎక్కడికి పోతుంది? కుండను చీల్చుకుని పోతుంది. అందుకే మనం మొదట సన్నమంట పెట్టి గంటల తరబడి కూర్చునేవాళ్లం. మన సైన్సు మాస్టారు ఒకసారి ఆవిరి పాఠం చెప్పడానికి తొమ్మిదో తరగతిని మొత్తం బట్టీ దగ్గరికే తీసుకొచ్చారు. బట్టీ పై కంతకు అడ్డంగా ఒక చల్లటి గాజుపలక పెట్టి, దానిమీద చెమ్మ చేరుతున్నంతసేపూ మంట పెంచవద్దని చూపించాం. పలక పొడిగా మిగిలినప్పుడే కట్టె తోయాలి. ఆ పాఠం ఎవరైనా మరిచిపోయారా? పరీక్షలో ఆవిరి గురించి వస్తే పిల్లలు బట్టీ గురించి రాస్తున్నారని ఆయనే నవ్వుతూ చెప్పారు నాతో.

ఆ తర్వాత సంగతి ఇంకా గొప్పది. సుమారు 450 డిగ్రీలు దాటాక మట్టిలో కలిసిపోయి ఉన్న నీరు, కంటికి కనిపించని నీరు, విడిపోవడం మొదలవుతుంది. అది పోయాక ఆ మట్టి ఇక ఎన్నాళ్లు నానబెట్టినా మళ్లీ మట్టి కాదు. అది వేరే పదార్థం. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని ఇసుక రేణువు, క్వార్ట్జ్ అంటామే, అది ఒక్కసారిగా కాస్త ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అదే దగ్గర మళ్లీ తగ్గుతుంది. అందుకే కాలిపోయింది కదా అని బట్టీ తలుపు తొందరపడి తీయకూడదు. పొద్దున్నే వచ్చి "మేడమ్, తీద్దాం, తీద్దాం" అని నా కొంగు పట్టుకుని తిరిగిన అమ్మాయి ఈ రోజు ఇక్కడే ఉంది. నర్సుగా పనిచేస్తోంది. ఆగడం బట్టీ దగ్గరే అలవాటైందని ఇందాక నాతో చెప్పింది. అమ్మా, ఆ మాట విని నా కడుపు నిండింది.

ఇప్పుడు ఒక్కొక్కరి గురించి చెప్పాలని ఉంది. పేర్లు చెప్పను. చెబితే చెప్పనివాళ్లు అలుగుతారు. ఎవరి సంగతి వాళ్లకు తెలుస్తుంది.

ఒక బ్యాచి ఉండేది. కార్తీక మాసానికి ప్రమిదలు చేసి, అరల మీద ఆరబెట్టి వెళ్లారు. రాత్రి గాలీవాన. రేకు ఊడి అరల మీద పడింది, పైన వాన. పొద్దున వచ్చి చూస్తే ఏముంది, సగం పిండి, సగం బురద. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అన్న సామెత ఉంది కదా మనకు, ఏడాది పని ఒక్క దెబ్బకు పోవడం, అది కళ్లెదుట కనిపించింది. ఇద్దరు ముగ్గురు ఏడ్చారు కూడా. నేను ఏం చెప్పి ఓదార్చాలా అని చూస్తున్నాను. అప్పుడు ఏడో తరగతి అమ్మాయి, క్లాసులో నోరు విప్పని అమ్మాయి, బకెట్ తెచ్చి ముక్కలు ఏరుతూ ఏమందో తెలుసా? "కాల్చలేదు కదా మేడమ్. పచ్చివే కదా. నానబెడితే మళ్లీ మట్టే." అంతే, అందరూ వంగి ఏరడం మొదలుపెట్టారు. కార్తీక పున్నమికి ప్రమిదలు తయారయ్యాయి. ఆ అమ్మాయికి నేనేమీ చెప్పలేదు, చూడండి. తను నేర్చుకున్నదాన్ని తనే వాడుకుంది. ఇంతకంటే మంచి జవాబు పత్రం నేను చూడలేదు.

ఇంకో అబ్బాయి. లెక్కలంటే వాడికి భయం. భయమంటే మామూలు భయం కాదు, లెక్కల పీరియడ్ అంటే కడుపునొప్పి వచ్చేది. మట్టి ఆరి, కాలేసరికి పదో వంతు దాకా తగ్గుతుందని చెప్పి, 9 సెంటీమీటర్ల ఎత్తు గ్లాసు కావాలంటే ఎంత ఎత్తు చేయాలి అని అడిగాను. ఎప్పుడూ ముందు చెప్పే పిల్లలు తొమ్మిదికి పదో వంతు కలిపి 9.9 అన్నారు. వీడు కాసేపు ఆలోచించి, "పది చేయాలి మేడమ్. పదిలో ఒకటి పోతే తొమ్మిది" అన్నాడు. క్లాసంతా తిరిగి వాడివైపు చూసింది. తర్వాత ప్రతి మూతకూ వాడే కొలత తీశాడు. మూత, గిన్నె ఒకే ముద్ద మట్టితో చేయాలి, ఒకదాని మీద ఒకటి పెట్టి ఆరబెట్టాలి, లేకపోతే కలవవు అని అందరికీ వాడే చెప్పేవాడు. ఇప్పుడు సొంతంగా వెల్డింగ్ షాపు నడుపుతున్నాడు, గేట్లు చేస్తాడు, నలుగురికి పని చూపిస్తున్నాడు. మా ఇంటి గేటు వాడు చేసిందే. లేచి నిలబడమంటే లేవడు, సిగ్గు. సరేలే నాయనా, కూర్చో.

ఇక మూడో మాట. ఇది కాస్త జాగ్రత్తగా చెప్పాలి. మన బడికి కుమ్మరి ఇళ్ల నుంచి పిల్లలు వచ్చేవాళ్లు. ఒక అబ్బాయి, మీ నాయన ఏం చేస్తాడు అంటే తల వంచుకునేవాడు. "వ్యాపారం" అనేవాడు. మట్టి గదిలో అందరికంటే వెనక కూర్చునేవాడు. కానీ వాడి చేతులు దాచుకుంటే దాగుతాయా? ముద్ద పట్టుకున్న తీరు చూస్తేనే తెలిసిపోయింది. నేను ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల నాయన సారె మీద, అంటే కుండలు చేసే చక్రం మీద, పనిలో ఉన్నాడు. ఒక్క ముద్ద నుంచి వరసగా మూతలు తీసి పక్కన పెడుతున్నాడు, ఒకదాన్నొకటి కొలవకుండానే అన్నీ ఒకే సైజు. నేను అక్కడే కింద కూర్చుని చూశాను. నేను డిప్లొమాలో నేర్చుకున్నది ఒకటి, ఆ రోజు చూసింది ఒకటి.

ఆ అన్నను బడికి రమ్మన్నాను. "నేను చదువుకోలేదమ్మా, బడికొచ్చి ఏం చెబుతా?" అన్నాడు. వచ్చాడు. ఆ రోజు టీచరు ఆయన, నేను పిల్లల మధ్య కూర్చున్న విద్యార్థిని. అదే చెరువు మట్టితో రెండు కుండలు చేసి, ఒకటి గాలి బాగా ఆడేట్టు కాల్చి ఎర్రగా తీశాడు, ఇంకొకటి పొగలో మూసి నల్లగా తీశాడు. మట్టి ఒకటే, రంగులు రెండు. మట్టిలో ఉన్న ఇనుముకు గాలి అందితే ఎరుపు, అందకుండా పొగ పట్టిస్తే నలుపు. దీని రసాయన శాస్త్రం మన పుస్తకంలో ఉంది. ఆయన చేతిలోనూ ఉంది, పుస్తకం కంటే చాలా ముందు నుంచి ఉంది. క్లాసు అయ్యాక ఆ అబ్బాయి లేచి, "మా నాయన" అన్నాడు. అంతే అన్నాడు. అప్పటి నుంచి ముందు వరసలో కూర్చున్నాడు. అన్నా, మీరు నాకు గురువు. ఈ శాలువా నా కంటే ముందు మీకు కప్పాలి. సభ అయ్యాక కప్పుతాను, కాదనవద్దు.

ఈ జిల్లాలో పుట్టినవాళ్లం మనం, ఆ పనిని తక్కువగా చూడడానికి మనకు ఏ కారణమూ లేదు. తిరుమల కొండ మీది స్వామికి రోజూ కొత్త మట్టి కుండలోనే నైవేద్యం పెడతారు. ఎంత బంగారం ఉన్నా గడప దాటి లోపలికి పోయేది ఆ మట్టి కుండే. కురువ నంబి కథ మీ అవ్వలు చెప్పే ఉంటారు. పని వదిలి గుడికి పోలేని కుమ్మరి. సారె దగ్గర చేతికంటిన మట్టితోనే పూలు చేసి కూర్చున్నచోటే పూజ చేశాడు. గుడిలో తొండమాన్ చక్రవర్తి స్వామికి తెచ్చిన బంగారు పూల పైన ఆ మట్టి పూలే కనిపించాయి. తిరుపతిలో గంగమ్మ జాతర చివరి రోజు అమ్మవారి విశ్వరూపం దేనితో చేస్తారు? మట్టితో. జాతర ముగిశాక ఆ మట్టి కోసం జనం ఎట్లా తోసుకుంటారో చూసినవాళ్లకు తెలుసు. ఇంటికి తెచ్చుకుని దాచుకుంటారు. కాణిపాకం పక్కనే ఉన్న మనకు చవితి నాడు మట్టి వినాయకుడే ఎందుకో ఒకరు చెప్పాలా? ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహం నీళ్లలో కరగదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో దాన్ని వద్దని మార్గదర్శకాలు ఇచ్చింది. మన పిల్లలు అప్పటికే ఏళ్ల నుంచి చెరువు మట్టితో చేస్తున్నారు.

ఇంకో చిన్న విషయం, టీచర్ల కోసం. 1937లో వార్ధాలో గాంధీగారు చేతిపనితోనే చదువు చెప్పాలన్నారు. చేతిపనితో పాటు చదువు అని కాదు, చేతిపని ద్వారానే చదువు అన్నారు. 2020 జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు సంచి లేకుండా పిల్లలు స్థానికంగా పని తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకోవాలని ఉంది. ఆ వాక్యంలో ఎవరెవరి పేర్లున్నాయో తెలుసా? వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారులు. కుమ్మరులు, తోటమాలులు, రెండూ ఉన్నాయి. అది చదివిన రోజు ఆ పేజీ తీసుకుని ఇంట్లో మా ఆయనకు, మా అత్తమ్మకు చదివి వినిపించాను.

ఇంటివాళ్ల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మా ఆయన ఆర్టీసీలో మెకానిక్కుగా చేశారు. గదికి మొదట్లో ఒకే ఒక సారె ఉండేది. పిల్లలేమో నలభై మంది. పాత బేరింగు ఒకటి, సిమెంటుతో పోసిన బరువు చక్రం ఒకటి, ఇనప కమ్మీ ఒకటి తెచ్చి, కాలితో తన్ని తిప్పే సారె ఒకటి మా వాకిట్లోనే తయారుచేశారు. మీలో చాలామంది దానిమీదే నేర్చుకున్నారు. అప్పటిదాకా చాలా ఇళ్లలో ఆడపిల్లలు మట్టి తొక్కాలి, రంగులు వేయాలి, సారె మాత్రం మగవాళ్లది అనే అలవాటు. మన గదిలో ఆ సారె మీద మొదట కూర్చుంది ఒక ఆడపిల్ల. ముద్ద ఊగకుండా సారె నడిమికి రావడానికి చాలా రోజులు పట్టింది ఆ పిల్లకు. వచ్చిన రోజు ఎట్లా అరిచిందంటే హెడ్మాస్టరు గారు పరుగెత్తుకొచ్చారు, ఏమైందో అని. మా ఆయన సాయంత్రం ఆ మాట విని ఏమీ అనలేదు, వెళ్లి బేరింగుకు గ్రీజు పెట్టారు.

బట్టీ వెలిగించిన రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మా అమ్మాయి నోటుబుక్కు పట్టుకుని గంట గంటకూ మంట రంగు రాసేది. మసక ఎరుపు, ముదురు ఎరుపు, తర్వాత నారింజ. నారింజ తిరిగిందంటే 900 దాటిందని మాకు గుర్తు. మా అత్తమ్మ రాగి సంగటి, ఊరిబిండి కట్టి పంపేది, బట్టీ చుట్టూ కూర్చుని అందరం తినేవాళ్లం. ఇప్పుడు బెంగళూరులో మెటీరియల్స్, అంటే పదార్థాల శాస్త్రం, చదువుతున్న మా అమ్మాయి, నా మొదటి ల్యాబ్ రికార్డు ఆ నోటుబుక్కే అంటుంది.

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది, అది గదిలోనూ ఉండేది. మట్టి గదిని చీపురుతో ఊడ్వకూడదు. ఎప్పుడూ తడిగుడ్డతోనే తుడవాలి. ఎండిన మట్టి దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. పిల్లలున్న గది అది. రోజూ సాయంత్రం తడిగుడ్డతో తుడవడానికి నాతో పాటు మా ఆయన వచ్చేవారు, డ్యూటీ దిగి. అట్లాగే సీసం కలిసిన గ్లేజు, అంటే కుండకు మెరుపునిచ్చే గాజులాంటి పూత, మన గదిలోకి రానివ్వలేదు. ఎంత మెరిసినా సరే, ఎవరు ఉచితంగా ఇస్తామన్నా సరే. చింతపండు పులుసో, నిమ్మకాయ ఊరగాయో పోస్తే ఆ సీసం తిండిలోకి దిగుతుంది. ఇంట్లో మట్టిపాత్రలు కొనేటప్పుడు ఇప్పటికీ ఈ మాట గుర్తుపెట్టుకోండి, దయచేసి.

మా అత్తమ్మ. అత్తమ్మా, మీ గురించే. ఆమె బడి గడప తొక్కలేదు. కొత్త సట్టి తెస్తే వెంటనే పొయ్యి మీద పెట్టనిచ్చేది కాదు. ఒక రాత్రి నీళ్లలో ఉంచి, గంజి పోసి సన్నసెగ మీద కాచి, ఆరబెట్టి, మళ్లీ కాచి, అప్పుడు పులుసు. ఎందుకత్తమ్మా అంటే, "అట్లా చేస్తే కారదు" అనేది. నిజమే. గంజిలోని పిండిపదార్థం మట్టిలో ఉన్న సన్న రంధ్రాల్లో చేరి కాస్త మూస్తుంది. నేను క్లాసులో బోర్డు మీద బొమ్మ వేసి చెప్పేది అదే. నేను ఎనిమిదో తరగతికి చెప్పిన ఆ పాఠం మా అత్తమ్మ వంటింట్లో నేర్చుకున్నదే.

ఇప్పుడు పెరడు. అదీ మా అత్తమ్మదే. కరివేపాకు, నిమ్మ, మునగ, దొండపందిరి, రెండు మల్లెపొదలు, కనకాంబరాల మడి, ప్రహరీ పొడుగునా నందివర్ధనాలు. చిత్తూరులో ఎండాకాలం నీళ్లకు ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. ట్యాంకరు వస్తే బిందెలు. అందులో మొక్కలకు ఎక్కడి నుంచి పోయాలి? అప్పుడు మన తొమ్మిదో తరగతి పిల్లలు ఒక పని చేశారు. మూతి సన్నగా ఉండే చిన్న కుండలు చేశారు. వాటిని మెడదాకా భూమిలో పాతిపెట్టి, నీళ్లు నింపి, మూత పెట్టారు. పక్కన బీరవిత్తులు, టమాటా నారు. మట్టి కుండ గోడ గుండా నీరు సన్నగా ఊరుతుంది. చుట్టూ నేల ఎండే కొద్దీ ఊరుతుంది, నేల తడిగా ఉంటే ఆగుతుంది. వేర్లు వచ్చి కుండను చుట్టుకుంటాయి. పైన నేల పొడిగానే ఉంటుంది కాబట్టి ఎండకు ఆవిరైపోయేది తక్కువ, కలుపూ తక్కువ.

దీనికి కుండ ఎట్లా ఉండాలి? ఇక్కడే పిల్లల తెలివి చూడండి. బాగా గట్టిగా కాలిన కుండ దీనికి పనికిరాదు, ఊరదు. రంగు వేసిందీ పనికిరాదు, రంధ్రాలు మూసుకుపోతాయి. అందుకని మట్టిలో జల్లించిన వరి ఊక కలిపారు. కాలేటప్పుడు ఊక కాలిపోయి, ఆ చోటంతా రంధ్రాలవుతాయి. ఎంత ఊక కలిపితే ఎంత ఊరుతుంది, ఎంత కలిపితే కుండ చేతిలోనే విరిగిపోతుంది అని ఒక అట్ట మీద పట్టిక గీసి రాసుకున్నారు. ఎవరూ చెప్పలేదు వాళ్లకు. ఆ వేసవి మా పెరట్లో బీరపాదు కుండలున్న వైపు పచ్చగా నిలిచింది. మా అత్తమ్మ ఇరుగుపొరుగును పిలిచి చూపించింది, "మా కోడలి బడి పిల్లలు చేసినారు" అని. ఆమె నోట ఆ మాట వినడం నాకు ఏ సన్మానానికీ తీసిపోదు.

పగిలినవి కూడా ఊరికే పోలేదు. పెంకులు కుండీల అడుగున కంత మీద బోర్లించాం, నీరు పోయి మట్టి నిలవడానికి. మెడ విరిగిన కూజాల్లో కలబంద పెట్టాం. వంకరపోయిన ఒక పెద్ద తొట్టి, చేసినవాడు పారేయమన్నాడు, అందులో ఇప్పుడు తామర ఉంది. బట్టీ బూడిద కూడా పెరటికే. 1,200 డిగ్రీలు దాటే బట్టీ అయితే ఆ బూడిదే కుండ మీద గాజులా కరిగి గ్లేజు అవుతుంది. మన బట్టీ అంత వేడెక్కదు, అందుకని కొంచెం కొంచెంగా మొక్కల మొదట్లోకి వెళ్లింది. పెరటి నుంచి మళ్లీ గదికి ఆకులు వచ్చేవి. మునగాకు, బొప్పాయి ఆకు, పచ్చి పలక మీద అద్ది తీస్తే ఈనెలతో సహా అచ్చు పడేది. బయాలజీ మేడమ్, మీ క్లాసు గోడ మీదున్న ఆకుల పలకలన్నీ మా పెరటి ఆకులే.

చివరగా అడగాల్సింది ఒకటి ఉంది, అడిగి కూర్చుంటాను. నేను వెళ్లిపోయానని ఆ గదికి తాళం వేయవద్దు. ఆ గది స్టోరు రూము అవుతుందని ఎవరో అన్నారు, నాకు మనసు ఒప్పలేదు. పరీక్షలు దగ్గరపడితే ముందు పోయేది క్రాఫ్ట్ పీరియడే, అన్ని చోట్లా అంతే. హెడ్మాస్టరు గారూ, మీరు మాట ఇచ్చారు, నమ్ముతున్నాను. కొత్త టీచరు వచ్చేదాకా వారానికి రెండు రోజులు నేను వస్తాను, జీతం అక్కర్లేదు. ఆ రోజు మనకు పాఠం చెప్పిన పలమనేరు అన్న నెలకొకసారి వస్తానన్నాడు, ఆయనకు మాత్రం దారి ఖర్చులు, కూలీ ఇవ్వాలి. ఆ పని తెలిసినవాడి సమయానికి విలువ కట్టాలి, ఉచితంగా అడగకూడదు. దాని సంగతి పూర్వ విద్యార్థులు చూసుకుంటామన్నారు. రేకులు మార్చాలి, వానాకాలం లోపల. మన వెల్డింగ్ అబ్బాయి కొలతలు తీసుకున్నాడు ఇప్పటికే, ఇందాక నిచ్చెన మీద చూశాను.

బయట వేపచెట్టు కింద బల్లల మీద కుండీలు ఉన్నాయి. ఈ ఏడాది ఎనిమిదో తరగతి పిల్లలు చేసినవి, మొక్కలు మా అత్తమ్మ కట్టినవి. తలా ఒకటి తీసుకుపోండి. ఎర్రదారం కట్టినవి కనకాంబరం, తెల్లదారం కట్టినవి మల్లె, దారం లేనివి కరివేపాకు. కరివేపాకు కావాలన్నవాళ్లు త్వరగా వెళ్లండి, అవి తక్కువ ఉన్నాయి. మొదటి వారం నేరుగా ఎండలో పెట్టవద్దు. కుండీకి బయట రంగు వేయవద్దు, గాలి ఆడనివ్వండి. దాని అడుగున పిల్లలు తమ పేరు గీసుకున్నారు, ఇంటికి వెళ్లాక తిప్పి చూడండి. వీలైతే ఆ పిల్లకో, పిల్లవాడికో బడి అడ్రసుకు ఒక కార్డు రాయండి, మొక్క ఎట్లా ఉందో. వాళ్లు ఎదురుచూస్తుంటారు. భోజనాలు సిద్ధమయ్యాయంటున్నారు, పదండి.